అమ్మ ముందు నడిచే గడప

మా అమ్మ ఎక్కడికి వెళ్లినా ఆమెకంటే ఒక అడుగు ముందు ఒక గడప నడుస్తుంది. వేపకర్ర గడప. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉంటుంది. అమ్మ ఆగితే ఆగుతుంది. అమ్మ కదిలితే నేలమీద బరబరా ఈడ్చుకుంటూ కదులుతుంది. ఇల్లో గదో కనిపించిందంటే చాలు, దాని గుమ్మంలో అడ్డంగా పడుకుంటుంది. అమ్మ దాన్ని దాటదు.

అందుకని అమ్మ ఇంతవరకూ ఏ ఇంట్లోకీ వెళ్లలేదు. మా సొంత ఇంట్లోకీ వెళ్లలేదు. నన్ను కన్నది వాకిట్లో. వంట వాకిట్లో. నిద్ర అరుగు మీద. మా నాన్న లోపల పడుకుని కిటికీలోంచి ఆమెతో మాట్లాడేవాడు. చచ్చిపోయేదాకా అలాగే కాపురం చేశాడు.

ఈ గడప ఎలా వచ్చిందో మా పేటలో అందరికీ తెలుసు. అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఊళ్లో గుడి ఆవులకి గడ్డిమోపు తీసుకెళ్లింది. మోపు లోపలికి వెళ్లింది. మోపు వెనకే అమ్మ అడుగు వేయబోతే లోపలినుంచి ఎవరో "అక్కడే ఆగు" అన్నారు. ఆ మాట అమ్మ కాళ్ల ముందు పడి గట్టిపడింది. చూస్తే పొడుగ్గా, కర్రగా ఉంది. అమ్మ ఇంటికి బయల్దేరితే అదీ బయల్దేరింది.

నేను బడికి పోలేదు. గోడలకి పోస్టర్లు అంటిస్తూ అక్షరాలు నేర్చుకున్నాను. సగం అక్షరాలు తలకిందులుగా నేర్చుకున్నాను, తర్వాత సరిచేసుకున్నాను. ఊడ్చేవాళ్లకీ కాలవలు తీసేవాళ్లకీ సంఘం పెట్టాను. మూసిన గుళ్ల తలుపులు తెరిపించాను. నా గొంతు వింటే తాళాలు వాటంతటవే ఊడిపోతాయని మావాళ్లు చెప్పుకుంటారు. ఈ ఒక్క గడపని మాత్రం ఏమీ చేయలేకపోయాను.

గొడ్డలి తెచ్చాను. గొడ్డలి గాల్లో ఆగి, నన్ను ఒకసారి చూసి, పక్కకి వెళ్లి కూర్చుంది. జనాన్ని పోగేసి దాని ముందు ధర్నా చేశాను. సాయంత్రానికి అది కూడా మాతో పాటే బైఠాయించి, మాతో పాటే మజ్జిగ తాగింది. 

వీటన్నిటికంటే నాకు ఒళ్లు మండేది ఇంకొకటుంది. ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసేది మా అమ్మే.

"దానికెందుకు రాస్తావమ్మా?" అంటాను.

"గడపే కదే. గడపని బోడిగా ఉంచుతారేటి?" అంటుంది.

ఈ ఏడు మంచు ఎక్కువ. అరుగు మీద పడుకున్న అమ్మ ఛాతీలోకి మంచు దిగిపోయింది. దగ్గినప్పుడల్లా నోట్లోంచి గుప్పెడు తెల్లటి పొగమంచు వస్తుంది. అది కొంచెంసేపు ఆమె మొహం దగ్గర తచ్చాడి, మళ్లీ లోపలికే వెళ్లిపోతుంది. డాక్టరమ్మ వాకిట్లోకి వచ్చి చూసింది. "కప్పు కింద పడుకోబెట్టండి. లేకపోతే ఈ చలికాలం దాటదు" అంది. 

కప్పు కింద ఒక్క నిద్ర. మా అమ్మ బతకాలంటే కావలసింది అదే.

అందుకే అమ్మని విశాఖపట్నం తీసుకెళ్తున్నాను. అక్కడ సముద్రం పక్క కొండల మీద బౌద్ధుల పాత గుళ్లున్నాయని, బుద్ధుడి దగ్గర ఎవరినీ బయట నిలబెట్టరని ఒక చిరిగిన పుస్తకంలో చదివాను. ఒక్క గుడిలోకి అమ్మ అడుగుపెడితే చాలు. ఆపడమే ఆ గడప ఉద్యోగం. ఉద్యోగం ఊడిన గడప వట్టి కర్ర.

బస్సెక్కబోతే గడప ఫుట్‌బోర్డు మీద పడుకుంటుంది. అమ్మ నిచ్చెనెక్కి టాపు మీద మూటల మధ్య కూర్చుంటుంది. టాపు అంటే లోపల కాదు కదా. గడప ఆమె ముందు కూర్చుని దారంతా గాలి తింటుంది.

లాడ్జి భీమిలి రోడ్డు మీద, సముద్రానికి ఎదురుగా ఉంది. పేరు సముద్రతార. మేనేజరు పద్మనాభం కౌంటరు వెనక నిలబడి గుమ్మం వైపు చూస్తాడు. గుమ్మం బయట అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. పెద్దిళ్ల వీధిలో చెప్పులు కాళ్లకి కాకుండా చేతిలో ఉండాలని చిన్నప్పుడు నేర్పారు. ఆ వీధి ఇప్పుడు లేదు. చెప్పులు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

"ముగ్గురాండీ?" అంటాడు పద్మనాభం.

"ఇద్దరం. అది గడప."

"గడపకి వేరే మంచం ఇవ్వలేమండి మేడం. ముందే చెప్పేస్తున్నాను."

"దానికేమీ వద్దు. మా అమ్మకి గది కావాలి."

"రెండు రకాలున్నాయండి. సముద్రం కనిపించే గదులు, సముద్రానికి కనిపించే గదులు. ఏది రాయమంటారు?"

"సముద్రానికి కనిపించేదే రాయండి" అంటాను. నేను లేనప్పుడు అమ్మ మీద ఎవరో ఒకరు కన్నేసి ఉంచాలి.

గది మంచిదే, తలుపు బయట కప్పులేని వరండాలోకి ఉంది. మంచం ఉంది, ఫ్యానుంది, అద్దముంది. గదికి అప్పటికే ఒక గడప ఉంది, పాపం సిమెంటుది. మా గడప వచ్చి దాని మీద ఎక్కి పడుకుంటుంది. అమ్మ వరండాలో ఆగిపోతుంది.

సరే, అమ్మ గదిలోకి రాకపోతే గదే అమ్మ దగ్గరికి రావాలి. నేను లోపలికి వెళ్లి గది అంచు రెండు చేతులా పట్టుకుని బయటికి లాగుతాను. గది చపాతీ పిండిలా సాగుతుంది. మంచం, ఫ్యాను, అద్దం వరండాలోకి వస్తాయి. మెట్లు దిగుతాయి. గడప వెనక్కి జరుగుతుంది. అమ్మ కూడా వెనక్కి అడుగులు వేస్తుంది. నేను ఇంకా లాగుతాను. గది రోడ్డు దాటుతుంది. ఆటోలు ఆగి, మా మంచం వెళ్లాక కదులుతాయి. ఇసుక వస్తుంది. అమ్మ మడమలకి నీళ్లు తగులుతాయి.

"ఓలె అసిరీ, ఇంక ఎనక్కి సోటు నేదే. ఒగ్గీ" అంటుంది అమ్మ.

వదిలేస్తాను. గది టపీమని వెనక్కి వెళ్లిపోతుంది.

పద్మనాభం పరిగెత్తుకుంటూ వస్తాడు. "గదులు లాగకండి మేడం! మీరలా లాగితే పక్క గదులోళ్లు ఇరుక్కుపోతన్నారు. ఏడో నంబరులో కొత్త జంట, నిలబడ్డానికి కూడా జాగా లేక ఒకరి మీద ఒకరు పడిపోయారు."

"కొత్త జంటే కదా, ఏడవరులే" అంటుంది అమ్మ ఇసకలోంచి.

ఆ రాత్రి అమ్మ మెట్ల మీద పడుకుంటుంది. నేనూ పక్కనే పడుకుంటాను. తెల్లారేసరికి ఆమె ఛాతీ మీద చెయ్యి వేస్తే తడిగా, చల్లగా, శీతాకాలం పొలంలా ఉంది.

పొద్దున్నే బావికొండ ఎక్కుతాం. పైన ఒకప్పుడు భిక్షువులు నివసించిన గదులు వరసగా ఉన్నాయి. కప్పులు పోయాయి. ఇటుక గోడలు మోకాలెత్తు మిగిలాయి. అన్నీ పోయినా ప్రతి గదికీ గుమ్మం చోటు మాత్రం పదిలంగా ఉంది. 

గడప ఒక్కసారి ఆగి, చూసి, ఉరుకుతుంది. మొదటి గుమ్మంలో పడుకుంటుంది. సరిగ్గా సరిపోతుంది. లేచి రెండో గుమ్మంలోకి వెళ్తుంది. అక్కడా సరిపోతుంది. తీర్థంలో పిల్ల గాజులు తొడిగి చూసుకున్నట్టు వరసనున్న గుమ్మాలన్నీ తొడిగి చూసుకుంటుంది. దానికి ఇంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. 

"ఇక్కడెవరూ లేరమ్మా. ఆపేవాడే లేడు. అడుగెయ్యి" అంటాను.

"గడపున్నాది కదే."

"పోనీ గోడ దాటి రా. మోకాలెత్తే కదా!"

"గోడ దూకడానికి నానేటి దొంగనా?"

నాకు ఇటుకల మీద కోపం వస్తుంది. "లోకాన్ని వదిలేసి కొండెక్కారు, కొండెక్కి మళ్లీ గదులే కట్టుకున్నారా?" అని అరుస్తాను. గదులు సిగ్గుపడి గోడలు ఇంకో జానెడు దించుకుంటాయి. దానివల్ల లాభమేమీ లేదు. గుమ్మం గుమ్మమే.

అమ్మ దగ్గుతుంది. ఈసారి వచ్చిన మంచు గుప్పెడు కాదు, దోసెడు. ఆ మంచు ఒక గదిలోకి వెళ్లి మూల కూర్చుంటుంది. అమ్మ దగ్గు కూడా గుమ్మం దాటింది. అమ్మ దాటలేదు.

మధ్యాహ్నం తొట్లకొండ ఎక్కుతాం. ఆ పుస్తకంలో ఇదే ఆఖరు కొండ. దారిలో అమ్మ కూర్చుంటూ లేస్తూ వస్తుంది. గడప కూడా ఆమె కోసం ఆగుతూ ఆగుతూ నడుస్తుంది. ఆ మర్యాద చూస్తే నాకు ఇంకా మండుతుంది.

పైన గాలి. కింద సముద్రం. రాతిలో తొలిచిన నీటితొట్లు ఆకాశాన్ని నింపుకుని పడుకున్నాయి. మధ్యలో స్తూపం, రాళ్లు పేర్చిన పెద్ద గుండ్రం. 

నేను చీర కొంగు నడుముకి చుట్టి బిగిస్తాను. గుడి ముందు ఏం చేయాలో నాకు తెలుసు. ముందు తలుపు ఎక్కడుందో చూడాలి. తలుపు ముందు నిలబడాలి. తెరిచేదాకా అరవాలి. జీవితమంతా చేసిన పని ఇదే.

"తెరవండి! తలుపులు తెరవండి! గుడి అందరిదీ!" పిడికిలెత్తి అరుస్తాను.

ఎవరూ రారు. ఈ పక్క తలుపు లేదు. అటు పక్కకి వెళ్లి అరుస్తాను. అక్కడా లేదు. వెనక్కి వెళ్తాను. వెనక అన్నది ఎక్కడో తెలియడం లేదు. నేను అరిచిన మాటలు రాళ్ల మీద వాలి, దూరడానికి కంత దొరక్క, పిచ్చుకల్లా నా భుజం మీదికే తిరిగొస్తున్నాయి.

ఉడకబెట్టిన శనక్కాయలు అమ్ముకునే నూకాలు తట్ట ముందు కూర్చుని నన్ను చూస్తోంది. "ఎవలిమీదమ్మా ఆ కేకలు? రాళ్లు నీకేటి బాకీ పడ్డాయా?" అంటుంది.

అమ్మ స్తూపం దగ్గరికి వస్తుంది. గడప ఆమెకంటే ముందు వచ్చి, రాళ్లని ఆనుకుని, పడుకోవడానికి చోటు వెతుకుతోంది. అమ్మ దాని మీదుగా చెయ్యి చాచి స్తూపాన్ని వేళ్ల కణుపులతో కొడుతుంది, సంతలో కుండ కొనేటప్పుడు కొట్టినట్టు. చెవి పెట్టి వింటుంది. ఇంకోచోట కొడుతుంది.

"అసిరీ, అరవకే. ఇందులో లోపల నేదు."

"లోపల లేకపోవడమేంటి?"

"నిండా రాళ్లేనే. బోలు నేదు. ఎవులూ లోపలికెళ్లరు. రాజొచ్చినా బయటే, బాపడొచ్చినా బయటే. అందరూ నాలాగే నిలబడాల."

నా పిడికిలి ఇంకా పైనే ఉంది. దాన్ని ఎక్కడ దించాలో తెలియక చూస్తున్నాను. పగలగొట్టడానికి తలుపు లేదు. ఇంత పాత గుడికి వచ్చి ఇంత తెలివితక్కువగా నిలబడింది ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నాకంటే గడప పరిస్థితి అధ్వానం. అది ఒక రాయి దగ్గర అడ్డంగా పడుకుంటుంది. కాదనిపించి లేస్తుంది. నాలుగు అడుగులు జరిగి మళ్లీ పడుకుంటుంది. మళ్లీ లేస్తుంది. ఎటు లోపలో తెలిస్తే కదా ఎటు ఆపాలో తెలిసేది. అది స్తూపం చుట్టూ కుడివైపుగా తిరగడం మొదలుపెడుతుంది. ఒక చుట్టు. ఇంకో చుట్టు. బరబర చప్పుడు స్తూపం వెనక్కి వెళ్లి, తగ్గి, మళ్లీ పెరుగుతూ ముందుకి వస్తుంది. దాని పసుపు నేలకి అంటుకుని స్తూపం చుట్టూ పచ్చటి గీత పడుతుంది. కుంకుమ బొట్లు ఒక్కొక్కటే రాలిపోతాయి.

అమ్మ నూకాలు పక్కన కూర్చుని శనక్కాయలు వలుచుకుంటూ చూస్తోంది. "పాపం, దానికెవులూ సెప్పనేదు కావాల" అంటుంది.

"నీదేనామ్మా ఆ గడప?" అంటుంది నూకాలు.

"నాదే. సిన్నప్పట్నించీ ఉన్నాది."

"మంచి సేవ గల కర్ర. పుచ్చు నేదు."

"సేవకేటిలే. మనిషిని ఊపిరాడనివ్వదు" అంటుంది అమ్మ.

అమ్మ ఈ మాట అనడం నేను మొదటిసారి వింటున్నాను. 

గడప స్తూపం అవతలికి వెళ్లిన ఒక సమయంలో అమ్మ లేస్తుంది. ఆమె ముందు నేల ఖాళీగా ఉంది. అడ్డంగా ఏమీ లేదు. కరెంటు పోయినప్పుడు తడుముకునేవాళ్లలా చేతులు ముందుకి చాపి ఒక అడుగు వేస్తుంది. ఆగుతుంది. కాలి బొటనవేలితో నేలని పొడిచి చూస్తుంది. ఇంకో అడుగు వేస్తుంది.

గడప తిరిగి వస్తుంది. తిరిగి తిరిగి అరిగిపోయి సన్నబడింది. అమ్మ కదిలి ఉండటంవల్ల అది వచ్చేది ఆమె ముందుకి కాదు, వెనక్కి. ఆమె మడమల దగ్గర ఆగిపోతుంది. ఒంటి మీద పసుపు చుక్క లేదు. బోడిగా, పాతగా, వేపకర్రలా ఉంది. 

అమ్మ వెనక్కి తిరిగి దాన్ని చూస్తుంది. ఈ రోజు శుక్రవారమని నాకు అప్పుడు గుర్తొస్తుంది.

అమ్మ కొంగు ముడి విప్పుతుంది. అందులో పసుపు పొట్లం ఉంది. ప్రతి శుక్రవారం ఉంటుంది. ఆమె రాయకూడదు. రాస్తే అది మళ్లీ లేస్తుంది, ముందుకొస్తుంది, ఇంటిదాకా వస్తుంది, ఈ చలికాలం అమ్మని వాకిట్లోనే ఉంచేస్తుంది. అరవాలని నోరు తెరుస్తాను. గుళ్ల తాళాలు ఊడగొట్టిన నా గొంతు రావడం లేదు. అప్పటికే ఆ గొంతు నన్ను వదిలేసి స్తూపం చుట్టూ తిరుగుతోంది.

అమ్మ తొట్టిలో నీళ్లు చేత్తో తీసి పసుపు తడుపుతుంది. గడప దగ్గరికి వస్తుంది. దాని మీద కూర్చుంటుంది.

"గడప మీద కూకోకూడదమ్మా!" అంటుంది నూకాలు, చెంపలేసుకుని.

"ఏ ఇంటి గడపని కూకోకూడదు? ఇల్లేది? ఇల్లు నేకపోతే ఇది పీటే" అంటుంది అమ్మ.

పీట మీద కూర్చుని, అమ్మ కాళ్లు చాపుకుని, ఆ పసుపు తన పాదాలకి రాసుకుంటుంది. వేళ్ల సందుల్లో, చీలమండల మీద, పగిలిన మడమల్లో నిదానంగా రాసుకుంటుంది. నాన్న పోయినప్పుడు పసుపు రాసుకోవద్దని పెద్దలు చెప్పారు. అప్పటినుంచి పసుపంతా గడపే తింది.

"ఎవరైనా చూస్తే?" అంటాను. నేను ఇలాంటి మాట అనగలనని నాకే తెలియదు.

"ఎవులు సూత్తారే? అందరమూ బయటే కదా" అంటుంది.

కింద కర్ర కిర్రుమంటుంది. బరువు దించుకున్న మనిషి మూలిగినట్టే ఉంటుంది ఆ చప్పుడు. అమ్మ లేచి నిలబడి కొండ దిగడం మొదలుపెడుతుంది. నేను వెనక్కి చూస్తూ నడుస్తున్నాను. గడప రావడం లేదు. నూకాలు తట్ట పక్కకి జరిపి, అటూ ఇటూ చూసి, వెళ్లి దాని మీద కూర్చుంటుంది. 

దారిలో అమ్మ చెప్పులు తొడుక్కుంటుంది.

లాడ్జికి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. పద్మనాభం కౌంటరు మీదుగా వంగి చూస్తాడు. "గడప ఏదండి మేడం?"

"కొండ మీద కుదిరింది" అంటాను.

"మంచిదండి. ఇక్కడైతే దాన్ని చూసి మా సిమెంటు గడపలన్నీ పసుపు కావాలని పేచీ పెడతన్నాయి."

అమ్మ గది ముందు నిలబడుతుంది. సిమెంటు గడపని చూస్తుంది. అది పాపం కాస్త ఒదిగి పడుకుంటుంది. అమ్మ కుడికాలు ఎత్తుతుంది. ఎడమకాలు ఎత్తుతుంది. లోపల ఉంది. 

గోడకి పచ్చగా, పాదమంత వెలుతురు పడుతుంది. ఆమె పాదాలదే.

అమ్మ తలెత్తి చూస్తుంది. "ఇదేటే, ఆకాశం ఇంత కిందకి ఒచ్చీసింది?"

"అది కప్పు అమ్మా."

"నచ్చత్రాలు నేవు."

"ఉండవు."

"బాగున్నాది" అంటుంది. "లెక్కెట్టక్కర్నేదు."

మంచం మీద పడుకుంటుంది. దుప్పటి కప్పుతాను. ఒకసారి దగ్గుతుంది. మంచు బయటికి వస్తుంది, చాలా మంచు, ఇన్నేళ్ల అరుగుల మంచంతా. మళ్లీ లోపలికి వెళ్దామని ఆమె మొహం దాకా వస్తుంది. పైన కప్పుని చూసి జంకుతుంది. మూలమూలలా వెతుక్కుని, కిటికీలోంచి వెళ్లిపోతుంది. అమ్మ ఛాతీ మీద చెయ్యి వేస్తాను. వెచ్చగా ఉంది, పొయ్యి మీదనుంచి దించిన గిన్నెలా.

నేను నేలమీద కూలబడతాను. పిడికిలి ఇంకా మూసే ఉందని అప్పుడు చూసుకుంటాను. వేళ్లు ఒక్కొక్కటే విప్పుతాను. లోపల ఏమీ లేదు. ఎంత హాయిగా ఉందో ఏమీ లేకపోవడం. 

గుమ్మం దగ్గర నీళ్ల చప్పుడు వినిపిస్తుంది.

"ఎవులే అది?" అంటుంది అమ్మ, కళ్లు తెరవకుండానే.

లేచి చూస్తాను. రోడ్డవతల ఇసుక మాత్రమే ఉంది, చివరిదాకా. సముద్రం మెట్లెక్కి వచ్చి వరండాలో నిలబడి ఉంది. తల వంచుకుని ఉంది. అలలన్నీ విప్పేసి చేత్తో పట్టుకుంది.

"సముద్రం" అంటాను.

"అక్కడెందుకు నిలబడ్డాది?"

"తెలీదు. ఎవరో ఆపి ఉంటారు."

అమ్మ కళ్లు తెరిచి చూసి, ఒక పక్కకి ఒత్తిగిలి మంచం మీద చోటిస్తుంది. "లోపలికి రమ్మను. ఆ అలలు సేత్తో పట్టుకోవడమేటి? తొడుక్కునే రమ్మను."

సముద్రం అలలు తొడుక్కుంటుంది. సిమెంటు గడప మీద కుడికాలు పెట్టి, ఎడమకాలు పెట్టి, లోపలికి వస్తుంది. అమ్మ పక్కన, అంచున, చాలా జాగ్రత్తగా పడుకుంటుంది. ఇద్దరి మీదా దుప్పటి సర్దుతాను. పైన కప్పు ఉందని ఒక చేప ఇంకో చేపకి చెబుతుంది. అది ఇంకోదానికి చెబుతుంది. రెప్పలు లేని ఆ చేపలన్నీ, చిన్నవి, పెద్దవి, ఒక్కొక్కటిగా కళ్లు మూసుకుంటాయి.